పారాచూట్ అని చెప్పింది నా మనవరాలు

సహోదరులారా, అక్కచెల్లెళ్లారా! మా ఇంట్లో ఒక చీకటి కాలం వచ్చింది. చెట్టంత పిల్ల మంచం మీద కదలకుండా పడుకుని పైకప్పు చూస్తూ ఉంటే, దాని కాళ్లు మళ్లీ నేల మీద ఆనుతాయో లేదో డాక్టర్లు కూడా చెప్పలేకపోతే, తెల్లవారడమూ పొద్దుగూకడమూ ఒకటే అయిపోయిన కాలం అది. అందులోంచి దేవుడు మమ్మల్ని ఎలా బయటికి తెచ్చాడో చెప్పాలని మీ ముందు నిలబడ్డాను. నేను మూడో తరగతి దాటినదాన్ని కాదు, మాటలు పొందిగ్గా రావు, నా భాషలో తప్పులుంటే క్షమించండి గాని సాక్ష్యంలో తప్పు లేదు.

ఆ పిల్ల నా మనవరాలు కరుణ, మా అబ్బాయి ప్రకాశం కూతురు. కాలేజీలో ఎన్.సి.సి.లో ఉంది. తన బూట్లు తానే తుడుచుకుంటుంది, పళ్లెంలో మెతుకు వదలదు, ఖాళీ గదిలో ఫ్యాను తిరగనివ్వదు. అందుకే అదంటే నాకు గౌరవం. ఒక క్లబ్బు వాళ్లు మంచి కేడెట్లను ఏరి, తర్ఫీదిచ్చి, విమానంలోంచి పారాచూట్‌తో దూకిస్తారట, అందుకు దీన్ని ఎంచుకున్నారు. ఖర్చంతా వాళ్లదే అంది. ఖర్చు లేదంటే నాకు సగం భయం పోయింది గాని, మిగతా సగం ఎక్కడికి పోతుంది!

“ఏటే, కదిలే బస్సులోంచి దిగొద్దని సిన్నప్పట్నించీ మొత్తుకుంటన్నాను, ఇప్పుడు కదిలే విమానంలోంచి దిగుతావేటి?” అన్నాను.

“బస్సోడు గొడుగివ్వడు నానమ్మా, ఈళ్లిస్తారు” అంది.

మీరంతా ప్రార్థన చేసి పంపారు. గొడుగు బాగానే విచ్చుకుంది. కానీ దిగేటప్పుడు గాలి ఒక్కసారిగా తిరిగి, పచ్చిక మీద పడవలసిన పిల్లను గట్టినేల మీదికి తోసింది, రెండు మడమల మీద కూలబడింది. క్లబ్బు వాళ్లు జీపులో కూర్చోబెట్టి తెస్తుంటే దారిలో ఎర్రజెండాల ఊరేగింపు, బళ్లన్నీ ఆగిపోయాయి. చివరికి భవానీపూర్‌లో మా ఇంటి దగ్గరి నర్సింగ్ హోముకు చేర్చారు. మాకు ఆరోగ్య బీమా ఉంది కదా అన్న ధైర్యంతోనే అంత పెద్ద చోటికి తీసుకెళ్లమన్నాం. ఏడాదికొకసారి కట్టే ఆ బీమా ఏనాడూ తప్పనివ్వలేదు నేను, పండక్కి చీర మానుకుని అయినా కట్టించాను.

మాకు ఆ పాలసీ ఇప్పించింది మన సంఘంలోని బీమా ఏజెంటు చిన్నారావే. ఆ కబురు విని మాకంటే ముందే పరుగెత్తుకుని వచ్చి నర్సింగ్ హోము గుమ్మంలో నిలబడ్డాడు.

“మామ్మా, నా మాటినండి. మెట్ల మీద్నించి జారిపోనాదనీసి సెప్పండి. పారాచూట్ మాటెత్తకండి. ఆకాశంలోంచి దూకే ఆటల్లో దెబ్బ తగిలితే మనకి పైసా రాదంట, ఇప్పుడే సదివినాను.”

అతను చెడ్డవాడు కాదు సహోదరులారా, మా మేలు కోరే చెప్పాడు. ప్రకాశం ముఖం నల్లబడిపోయింది. “మెట్లే అందామమ్మా, లేపోతే వైద్యం ఎలాగ?” అన్నాడు. నేను గోడవైపు తిరిగి కళ్లు మూసుకున్నాను.

“తండ్రీ, ఆ సొమ్ము లేకపోతే ఈ బిడ్డకు వైద్యం ఎలాగ? ఆ సొమ్ము కోసం అబద్ధమాడితే నీ ముఖం ఎలా చూసేది? నాకేమీ తోచడం లేదు ప్రభువా! పలకవలసిన మాట నీవే పలికించు!”

ఇంతలో బెంగాలీ డాక్టరమ్మ వచ్చింది, చిన్న వయసే, అలిసిపోయి ఉంది, కుర్చీలో కూర్చోబెట్టిన కరుణ మడమలు తడిమి, “ఎలా పడింది?” అని అడిగింది. ప్రకాశం “మెట్ల...” అంటున్నాడు, ఆ మాట పూర్తి కాకుండానే, నొప్పితో పళ్లు బిగపట్టి ఉన్న ఆ పిల్ల బెంగాలీలో చెప్పింది: “మెట్లు కాదు దీదీ. పారాచూట్‌తో దూకాను. పైనుంచి రెండు మడమల మీద పడ్డాను.”

చిన్నారావు తల పట్టుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం చేతిలో ఉన్నది పక్కన పడేసి ఒక్క కేక పెట్టింది: “ఎవరూ లేపకండి! నడుము కదలనివ్వకండి!” నలుగురొచ్చి దుంగను మోసినట్టు ఒంగనివ్వకుండా మోసి బల్ల మీద పడుకోబెట్టారు, వెన్నుకు ఎక్స్‌రే తీశారు. వెన్నుపూస ఒకటి చిట్లి ఉంది! అంత ఎత్తునుంచి మడమల మీద పడితే ఆ దెబ్బ వెన్నులోకి ఎక్కుతుందట, మడమల నొప్పి నడుము నొప్పిని తెలియనివ్వదట. “మెట్లు అని చెప్పి ఉంటే కాళ్లకు కట్టు కట్టి ఇంటికి పంపేదాన్ని మాశీమా, ఇంట్లో లేపి కూర్చోబెడుతుంటే ఆ ముక్క పక్కకు జరిగితే రెండు కాళ్లూ పడిపోయేవి” అని ఆమే, నన్ను వాళ్ల భాషలో పిన్నమ్మా అని పిలిచి, చెప్పింది. నేను అడిగిన మాటను దేవుడు నా నోట కాదు, ఆ బిడ్డ నోట పలికించాడు! దేవునికే మహిమ!

బీమా వాళ్లు సొమ్ము ఇవ్వలేదు. ఇవ్వరని ముందే రాసుకున్నారు, మేము చదవలేదు, వాళ్లను నేను ఒక్క మాట అనను. ఖర్చు ఎలా గట్టెక్కిందో అది మా ఇంటి విషయం, ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా దేవుడు నడిపించాడు, అంతవరకే చెబుతాను. ఆ పాలసీ ఇంకా కడుతున్నారా అని నవ్వేవాళ్లున్నారు. ఎందుకు మానాలి? జ్వరాలు రావా? కాకపోతే ఇప్పుడు చిన్నారావు ఏ ఇంట్లో సంతకం పెట్టించినా, దేనికి సొమ్ము రాదో ఆ పేజీ ముందు చదివి వినిపిస్తున్నాడు, చదవకపోతే నేను ఊరుకోను.

ప్రార్థన చేసి పంపితే పడిపోయిందేమిటి అని కూడా అన్నారు. కరుణ ఆ రోజుల్లో మంచం మీదనుంచే నాతో ఒక మాట అంది: “పడకుండా సూడమని మీరడిగారు నానమ్మా. పడ్డాక ఏటి సెయ్యాలో ఆయన సూసుకున్నాడు.” నాకంటే చదువుకున్నది, నాకంటే నమ్మింది! నెలల తరబడి నడుముకు పట్టీతో పడుకుంది, ఒక్కనాడు కూడా మెట్లు అని ఉంటే బాగుండేది అనలేదు, సణగలేదు. నేను ఎవరినీ ఊరికే పొగడను, మీకు తెలుసు. దాన్ని పొగుడుతున్నాను.

ప్రియులారా, ఒక చిన్న అబద్ధంతో కష్టం తీరిపోతుందని తోచే గుమ్మంలో ఇవాళ మీలో ఎవరైనా నిలబడి ఉంటే, నిజమే చెప్పండి, నష్టం వచ్చినా చెప్పండి, మీకు కనిపించని విరుగుడు ఆయనకు కనిపిస్తుంది, ఆయన చేతిలో పెట్టి చూడండి!

పోయిన వారమే పట్టీ తీసేశారు. కరుణా, ఆ వెనక బెంచీలో దాక్కోకు. లే తల్లీ. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడు, అందరూ చూడనీ!