నీలి గాజుముక్క

భీమునిపట్టణపు తీరాన అలలు నునుపు చేసి విడిచిన గాజుముక్కలను పన్నెండేళ్లు ఏరాను. నా అర్ధాంగికి పతకం చేయాలని రంధ్రం తొలిచిన ప్రతిసారీ ముక్క పగిలేది. చివరకు ఒక్క నీలిముక్క మిగిలింది; దానిని వెంటే ఉంచుకొని తిరిగేవాణ్ణి.

అహోబిల యాత్రలో, ఆళ్లగడ్డలో బస్సుకై నిరీక్షిస్తూ శిల్పుల పందిరి క్రింద కూర్చున్నాను. అక్కడ రాతిపూసలు తొలుస్తున్న వృద్ధురాలు నా చేతిలోనిది చూసింది.

"ఏంది సామీ అది?"

"సముద్రపు గాజు. తొలిస్తే పగిలిపోతుంది."

"ఒక పక్కనుంచే తొలుస్తాండావా? పగలక ఏం జేస్తాది? ఇట్లియ్యి."

అందించాను. ఆమె దానిని నీళ్ల మూకుడులో బంకమట్టిపై అదిమి, తాడుతో తిప్పే బరమాతో ఓపికగా సగం తొలిచి, తిరగేసి, మిగిలిన సగం ఆవలివైపునుండి తొలిచింది. రంధ్రాలు నడుమ కలిశాయి. గాజు చెక్కుచెదరలేదు.

"సముద్రం చూశావా అవ్వా?" అన్నాను, ఆమె చేత లేదనిపించాలనే దుర్బుద్ధితో.

"యాడ చూసేది సామీ? నీళ్లు చానా ఉంటాయంట గదా," అంటూ మరో పూస అందుకొన్నది.

ఇల్లు చేరినా ఆమె పనితనంపై నా అసూయ చల్లారలేదు. అర్ధాంగి పతకం ధరించి, "ఇన్నాళ్లకు మీ చేయి కుదిరిందండీ," అన్నది.

నేను కాదనలేదు.