మామిడాకు లేపనం

మొన్న తిరుపతిలో మందుల అంగడికి వెళితే, అక్కడి అమ్మాయి ఒక లేపనం చూపించి, ఇందులో సబ్బులాంటి పదార్థమేదీ లేదనీ, మొక్కల నుంచి తీసిన సన్నటి పొడే నూనెనూ నీళ్లనూ విడిపోకుండా పట్టి ఉంచుతుందనీ చెప్పింది. తల ఊపానే గానీ, మనసు నా పరిశోధన రోజులకు వెళ్లిపోయింది.

మా అమ్మ చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసేది. సొనకు వేళ్లు పగిలి, చర్మం లేచిపోయి, సంగటి కూడా చెంచాతోనే తినేది. ఏ లేపనం పూసినా, నూనె నీళ్లు కలవడానికి అందులో వేసే సబ్బులాంటి పదార్థానికే ఆమెకు మంటెత్తేది. అది లేని లేపనం చెయ్యాలన్నదే నేను పట్టుబట్టి ఎంచుకున్న పని. మా గైడు మేడంది చిత్తూరులో ఉర్దూ మాట్లాడే వ్యాపారుల కుటుంబం. మాతో మాత్రం చక్కటి చిత్తూరు యాసలోనే మాట్లాడేవారు.

మామిడాకుల నుంచి తీసిన పచ్చటి పదార్థాన్ని మెత్తగా నూరి కలిపేదాన్ని. ఆ రేణువులు నూనెబొట్ల చుట్టూ గోడలా నిలిస్తే బొట్లు ఒకదాంట్లో ఒకటి కలవవని మా ఆశ. కానీ ఎప్పుడు చూసినా పొడి అడుగున, నూనె పైన. అంశం మార్చుకోమని విభాగంలో పెద్దలు చెబితే, నేనూ సరేనందామనుకున్నాను. మేడమే వాళ్లతో మాట్లాడి గడువు తెచ్చి, నాతో నెమ్మదిగా అన్నారు:

"నూనె తేలిందని నీ పని మునిగినట్టు కాదమ్మా. ఇంకొన్నాళ్లు సూద్దాం."

ఆ ధైర్యంతోనే దారి మార్చాను. నూరడం మానేసి, ఆ పదార్థాన్ని స్పిరిట్‌లో కరిగించి నీళ్లలో పోస్తే, పలచటి మజ్జిగలా మారి, కంటికి ఆనని రేణువులుగా విడిపోయింది. స్పిరిట్ తీసేసి నువ్వులనూనెతో చిలికాను. వారం దాటినా నూనె తేలలేదు. మేడం ముందుగా తన ముంజేతికే పూసుకుని చూసుకున్నారు. అయినా అమ్మకు పూయడానికి నేను జంకుతుంటే, అమ్మే చెయ్యి చాపింది.

"పుయ్యి మే. మంటెత్తితే కడుక్కుంటా, అంతే గదా."

మంటెత్తలేదు. మెల్లగా పగుళ్లు పూడాయి. ఒక మధ్యాహ్నం అమ్మ చెంచా పక్కన పెట్టి, సంగటి ముద్దను చేత్తో తుంచి, ఊరుబిండి పచ్చడిలో అద్దుకుని తినింది.

అమ్మా లేదు, మేడమూ లేరు. ఇప్పుడు పరిశోధనశాలల్లో ఆ బొట్లు పెద్ద తెరమీద కనిపిస్తాయట, నూనె విడిపోతుందో లేదో యంత్రమే ముందుగా చెప్పేస్తుందట. మంచిదే. మా కాలంలో కూర్చుని ఎదురుచూడాల్సి వచ్చేది. ఆ ఎదురుచూపులో నా పక్కన మేడం కూర్చున్నారు. ఇప్పుడు పరిశోధన చేసే పిల్లలకు ఎదురుచూపు తగ్గినా, అలాంటి మనిషి మాత్రం దొరకాలి.