కోడలి పెయ్య

నేను బడికి పోలేదు. పొట్లాలు కట్టిన పాత పేపర్లు విప్పి, కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. అందుకే కోర్టు నోటీసును నేనే చదువుకున్నాను. చదివి, దాన్ని పెట్టిన వాళ్లను గంటసేపు తిట్టాను.

నా తమ్ముడి కొడుక్కీ కోడలికీ విడాకుల కేసు నడుస్తోంది. వాడు తన సంపాదనతో గొడ్లు కొని నా పాకలో దాచాడని ఆ పిల్ల రాయించింది. బూర్గంపాడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ పశువులను నాకు పెంపకానికి ఇచ్చేవారు. పుట్టిన దూడల్లో సగం వాళ్లకు, సగం నాకు. అంతా నోటిమాటే. దాచేవాడినని పేరొస్తే ఇక నా పాకలో ఎవరు కట్టేస్తారు?

సాక్ష్యం చెప్పడానికి గోదారి దాటి భద్రాచలం కోర్టుకు పోయాను. కోడలి తరఫు వకీలు అడిగాడు.

“పాకలో ఎన్ని ఉన్నయ్?”

“అయిదు.”

“అందులో నీ తమ్ముని కొడుకువి?”

“ఒక్కటి గూడ లేదు సారూ. ఒకటి నాది, రెండు మా ఊరి టీచరమ్మవి. ఇంక రెండు, గదో, గా నిలబడ్డ పిల్లయి.”

అందరూ నవ్వారు. కోడలు నవ్వలేదు.

“నాయా? నా పెయ్య సచ్చిపోయిందన్నరు గద మామా!”

పెళ్లప్పుడు వాళ్లమ్మ ఇచ్చిన ఎర్ర పెయ్య అది. ఖమ్మంలో కిరాయి ఇంట్లో కట్టేయడానికి చోటులేక నా దగ్గరే విడిచారు. అది రెండుసార్లు ఈనింది. ఒక దూడ నాకు, ఒకటి ఆమెకు. ఈనినప్పుడల్లా నా తమ్ముడి కొడుక్కి చెప్పాను. వాడేమో గాలికుంటు వచ్చి చచ్చిందని ఆమెకు చెప్పాడట. అత్తతో పడక నాలుగేళ్లుగా ఆమె మా ఊరి దిక్కే రాలేదు. అంటే వాళ్లు రాయించింది సగం నిజమే. దాచింది వాడు, దాచిన చోటు నేను. నాకు తెలియకపోవడం ఒక్కటే తేడా.

బయటికి రాగానే వాడు నా మీద పడ్డాడు.

“పెదనాయినా, నువ్వసలు ఎవల దిక్కు?”

“గొడ్ల దిక్కు. అవ్వి అబద్ధం జెప్పవ్.”

ఆ ఆదివారం కోడలు తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆవు గంగడోలు నిమురుతూ చాలాసేపు నిలబడింది. తోలుకుపోతుందనుకుని పలుపు విప్పబోయాను.

“వద్దు మామా, నీ తాన్నే ఉండనియ్. గని ఈసారి కాగితం రాసుకుందాం.”

ముప్పై ఏళ్లలో నన్ను కాగితం అడిగినవాళ్లు లేరు. చురుక్కుమంది. ఆమె మొహం చూశాక కోపం నిలవలేదు. మాట నమ్మి మోసపోయిన మనిషి ఇంకేం అడుగుతుంది?

అరుగు మీద కూర్చుని రెండు ప్రతులు నా చేత్తోనే రాశాను. ఆవు ఆమెది, ఉన్న దూడ ఆమెది, ఇకముందు పుట్టేవాటిలో చెరిసగం. గట్టిగా చదివి వినిపించాను.

“ఎడమ కొమ్ము వంకరని రాయలే గద మామా.”

“కుడి కొమ్మే పిల్లా.”

ఇద్దరం లేచి పాకలోకి పోయి చూశాం. ఎడమదే. రెండు ప్రతుల్లోనూ అదీ చేర్చి సంతకం పెట్టాను.