నలభై మూడు డిగ్రీలు

రాధారాణి గారిని చంటిపిల్లల తల్లులం అందరం రాధక్క అనే పిలిచేవాళ్ళం. అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆమె ఇంటి బేస్‌మెంట్‌లో పగలంతా నలుగురైదుగురు పసివాళ్ళు ఉండేవారు. తల్లులు ఉద్యోగాల నుంచి వచ్చేదాకా వాళ్ళ పాలూ, నిద్రా, ఏడుపులూ ఆమెవే. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆమెకు పిల్లలు లేరు. ముగ్గురు డాక్టర్లు చూసి, ఆశ పెట్టుకోవద్దన్నారు. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. "నాకు లేకపోతేనేం, మీరంతా కని నా మీద పడేస్తున్నారుగా" అనేది.

1983 ఆగస్టులో నేను మా మీనాని నాలుగో నెలలో ఆమెకు అప్పగించి లాబ్‌కి తిరిగి వెళ్ళాను. బయోకెమిస్ట్రీ చదివినదాన్ని, పైగా మొదటి బిడ్డ. స్నానం నీళ్ళు ముప్పై ఏడు డిగ్రీలు దాటకూడదని ఆమెకు ఒక థర్మామీటర్ కొనిచ్చాను. "మా అమ్మ ఆరుగురిని మోచేయి ముంచి చూసే పెంచింది, జయంతీ" అని నవ్వింది. కానీ నా కంగారు చూసి అలవాటు చేసుకుంది. మధ్యాహ్నం నేను ఫోన్ చేస్తే హలో అనకుండా "ముప్పై ఆరున్నర" అనేది.

ఆ అక్టోబర్‌లో ఆమె భర్త రామమోహన్ గారిని ఆయన పనిచేసే కార్ల కంపెనీవాళ్ళు జపాన్‌లో కార్ల ఫ్యాక్టరీలు చూసి రమ్మని పంపారు. భార్యను తీసుకువెళ్ళవచ్చన్నారు. జపాన్ కార్ల పోటీకి ఇక్కడి ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు పోయి, మా డెట్రాయిట్ చుట్టుపక్కల జపాన్ పేరెత్తితే మొహాలు మాడిపోయే రోజులవి. మా వీధిలో జపాన్ కారు కొన్న ఒకాయన దాన్ని గరాజ్ దాటి బయట పెట్టేవాడు కాదు. రాధక్కా ఆయనా కేవలం ఊరు చూడటానికని కలిసి ఎక్కడికీ వెళ్ళింది లేదు. పిల్లల సంగతి మేం చూసుకుంటామని బలవంతం చేసి పంపాం.

తిరిగి వచ్చాక మీనాని ఒళ్ళో పెట్టుకుని ఆ కబుర్లన్నీ చెప్పింది. ఆయన పని ముగిశాక మిగిలిన మూడు రోజులూ కుసాత్సు అనే కొండ ఊళ్ళో గడిపారట. ఊరి మధ్యలోనే సలసలా కాగే నీళ్ళు భూమిలోంచి ఉబికి చెక్క కాలవల్లో పారుతుంటాయట. ఎక్కడ చూసినా ఆవిరి, గంధకం వాసన. ఆ నీళ్ళు ఒంటికి పట్టేలా చల్లార్చడానికి ఆడవాళ్ళు వరసగా నిలబడి పాడుతూ పొడవాటి పలకలతో తిరగేస్తారట. రాధక్క చేతికీ ఒక పలక ఇచ్చారు. పెళ్ళివారికి పులుసు కలిపినట్టు కలిపేశానంది.

దిగిన సత్రంలో స్నానానికి ఒంటి మీద నూలుపోగు ఉండకూడదంటే ఆమె గుమ్మంలోంచే వెనక్కి తిరిగిందట. ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళి, పీట వేసి కూర్చోబెట్టి, వీపు మీద చెక్క ముంతతో నీళ్ళు పోసింది. మగవాళ్ళ తొట్టి వెదురు తడికకు అవతల ఉంది.

"ఏవండీ, దిగారా అని అరిచాను. దిగాను, కాళ్ళు ఉడికిపోతున్నాయి, మరి నువ్వో అన్నారు. మెడదాకా అన్నాను. మా తెలుగు విని పక్కనున్న ఆడవాళ్ళు ఒకటే నవ్వు. మీ బావగారు నాతో అన్ని కబుర్లు చెప్పడం పెళ్ళయ్యాక అదే మొదలు. తడిక అడ్డముంటే గాని మాట రాదేమో ఆ మనిషికి."

వచ్చిన మూడు వారాలకు ఆమె కడుపుతో ఉందని తేలింది. జపాన్ వెళ్ళేనాటికే నాలుగో వారం. నెలలు లెక్కపెట్టుకోవడం మానేసి ఏళ్ళయింది కనుక ఆమెకు అనుమానమే రాలేదు. నాకొక్కదానికే చెప్పింది. బేస్‌మెంట్ మెట్లు గోడ పట్టుకుని దిగేది. గట్టిగా నవ్వడం కూడా మానేసింది. అలా పదకొండు రోజులు. తర్వాత స్కాన్‌లో గుండె కొట్టుకోవడం కనబడలేదు. ఎవరి తప్పూ కాదు, ఇలా జరుగుతుంటుందని డాక్టర్ చెప్పి పంపాడట.

మరో వారానికి, పిల్లలు నిద్రపోతున్న వేళ, మీనాని తీసుకువెళ్ళడానికి వచ్చిన నన్ను కూర్చోమంది.

"ఆ స్నానాల గది గోడకి ఒక బోర్డు ఉంది. వాళ్ళ అక్షరాలు రావు గాని అంకె తెలుస్తుందిగా. నలభై మూడు. నీ పుణ్యమా అని నీళ్ళు కనబడితే డిగ్రీలు చూస్తాను నేను. రోజుకి మూడుసార్లు దిగాను, జయంతీ. అందువల్లేనా?"

కాదు అంటే సరిపోయేది. కానీ గర్భిణులకు విపరీతమైన జ్వరం వస్తే ఆ ఒంటి వేడి కడుపులో బిడ్డకి చేటు కావచ్చని ఎప్పుడో చదివిన పేపర్ ఒకటి గుర్తొచ్చింది. ఆధారం లేకుండా అవుననకూడదు, కాదనీ అనకూడదు. చదువుకున్నన్నాళ్ళూ నేను నేర్చుకున్నది అదే.

"కచ్చితంగా చెప్పలేం అక్కా. కావచ్చు, కాకపోవచ్చు" అన్నాను.

ఆమె తల ఊపి, మీనా స్వెటర్ గుండీలు పెట్టి నాకు అందించింది.

క్రిస్మస్ దాటాక పిల్లల్ని ఉంచుకోనని ఆ శుక్రవారమే అందరికీ చెప్పేసింది. మర్నాడు రామమోహన్ గారు మా ఇంటికి వచ్చి, కోటు కూడా విప్పకుండా నిలబడ్డారు. పాలు పట్టబోయి, పదేపదే వేడి చూసి, సీసా పక్కన పెట్టేస్తోందన్నారు. తన దగ్గర ఉండటం పసివాళ్ళకి మంచిది కాదంటోందట.

"రెండోసారీ మూడోసారీ దిగుదాం రమ్మన్నది నేనమ్మా. ఆ మాట ఎంత చెప్పినా వినిపించుకోదు. నువ్వు చెప్తే వింటుంది."

రెండు శనివారాలు లైబ్రరీలో కూర్చున్నాను. ఇలాంటి నష్టాలు చాలావరకు పిండం మొదటి కణాల్లోని లోపంతోనే నిర్ణయమైపోతాయనీ, కొద్ది నిమిషాల స్నానాన్ని కారణంగా చూపే ఆధారం ఏదీ దొరకలేదనీ రాసుకుని, ఫొటోకాపీలు పట్టుకుని వెళ్ళాను. ఆమె కాఫీ కలిపి ఇచ్చి, అంతా విన్నది.

"ఇవన్నీ ఆ రోజు నీకు తెలియవా?"

"సగం తెలుసక్కా."

"మరి ఆ సగమైనా చెప్పలేదేం?"

నేను ఫొటోకాపీలు దగ్గరికి సర్దసాగాను.

"నన్ను ఊరుకోబెట్టడానికి వెతుక్కొచ్చావు. పోనీలే. ఆ రోజు అన్నదే నీ మనసులో మాట. నీకు అబద్ధం చేతకాదు. అందుకేగా నిన్ను అడిగింది" అంది.

తర్వాత ఆమె ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరింది. మేం కనబడితే బాగానే మాట్లాడేది. పిల్లల పేర్లు పెట్టి అడిగేది, వాళ్ళ దగ్గరికి మాత్రం వచ్చేది కాదు. మరుసటి వేసవిలో ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం. మీనాకి అప్పుడే నడక వచ్చింది. హాలు అటు చివర నిలబడి ఉన్న రాధక్కను చూసి, పడుతూ లేస్తూ వెళ్ళి ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. రాధక్క రెండు చేతులూ పైకెత్తేసింది.

"జయంతీ, పాప ఇటొచ్చింది. తీసుకెళ్ళు."

మీనా కుచ్చిళ్ళలో మొహం దాచుకుని వదలలేదు. జనాన్ని తప్పించుకుంటూ నేను అక్కడికి చేరేదాకా రాధక్క ఆ చేతులు కిందికి దించలేదు.