ఐరాల డేరాలో బెల్లం పొంగు

1978. చిత్తూరులో పెళ్లి ఫొటోలు తీస్తూ బతికేవాణ్ణి. షార్ట్ ఫిల్ములు తీయడం నా పిచ్చి. ఆ ఏడు ఐరాల దగ్గర మునిరెడ్డి గానుగలో బెల్లం వండడం గురించి పది నిమిషాల చిత్రం తీశాను. పదహారు ఎం.ఎం. ఫిల్ము, అంటే డేరా టాకీసుల చిన్న ప్రొజెక్టర్‌లో ఆడే సన్న రకం. శబ్దం కలిపే స్తోమత లేక మూగదిగానే ఉండిపోయింది.

“దీన్ని జనం సూసినారంటే నీ ఇష్టం. లేదంటే కెమెరా అమ్మేసి అంగట్లో కూర్చో” అన్నాడు నాయన. మాది పాత్రల అంగడి. దాని పేరెత్తితేనే నాకు జ్వరం వచ్చేది.

ఐరాలలో డేరా టాకీసు నడిపే రంగయ్య నా చిత్రాన్ని ఆట మొదట్లో వేశాడు. చూసింది నేనూ, టికెట్లు చింపే ఆయనా, ఒక కుక్కా! మొదట ప్రకటనలే వస్తాయని జనానికి తెలుసు. అసలు సినిమా మొదలయ్యేదాకా బయట బోండాలు తింటూ ఉంటారు.

“రేపు ఇంటర్వెల్ అయినాక వెయ్యప్పా. అప్పుడు అందరూ లోపలే ఉంటారు గదా” అన్నాను.

“హీరోని ఉరికంబం ఎక్కించి ఇంటర్వెల్ ఇచ్చినారు. మధ్యలో నీ బెల్లం పెడితే డేరా పీకేస్తారబ్బా!” అన్నాడు రంగయ్య. బతిమాలితే ఒప్పుకున్నాడు.

మర్నాడు నాయన కూడా వచ్చాడు. మునిరెడ్డేమో ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొచ్చి నేల టికెట్టులో కూర్చున్నాడు. ఇంటర్వెల్ అయ్యాక ఉరికంబానికి బదులు చెరకు కనపడేసరికి ఈలలు, తిట్లు. నాయన నావైపు చూశాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

అంతలో తెర మీద మునిరెడ్డి ముఖం. “ఒరే, మన మామరా!” అని కేక. తర్వాత బెల్లం వండే పెద్ద పెనంలో చెరకురసం నురగెత్తింది. ఒక్క ఆముదం చుక్క వేస్తే అణుగుతుంది. చూడముచ్చటగా ఉందని ఆ షాట్‌ను నేను మరీ సాగదీశాను. జనం తట్టుకోలేకపోయారు.

“పొంగతా ఉండాది! ఆముదం సుక్క వెయ్యి మామా!”

మునిరెడ్డి నిజంగానే లేచి నిలబడ్డాడు. “ఏస్తా ఉండానప్పా, తొందరపడొద్దండి!”

సరిగ్గా అప్పుడే తెర మీద ఆయన చెయ్యి చుక్క వేసింది. నురగ అణిగింది. డేరా చప్పట్లతో మోగిపోయింది. “ఇంగోసారి!” అని ఒకటే గోల. ఉరికంబం మీది హీరోని ఎవరూ అడగలేదు. రంగయ్య నవ్వుకుంటూ రీలు వెనక్కి చుట్టాడు. నాకు ఆనందంతో ఏడుపొచ్చింది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు నాయన మెల్లగా అన్నాడు: “పాకాలలో కూడా ఒక డేరా ఉండాదంట. రేపు పోయి అడుగుదామా?”

జనం మన దగ్గరకు రాలేదని ఏడవడం కాదు, వాళ్లు కూర్చున్న చోటికి మనమే పోవాలని ఆ రోజు నేర్చుకున్నాను. తర్వాత నా చిత్రాలకు శబ్దం కలిపే స్తోమత వచ్చింది. ఆ బెల్లం చిత్రానికి మాత్రం కలపలేదు. అది ఆడిన ప్రతి ఊళ్లోనూ ఆ పని జనమే చేసిపెట్టారు.