పోలమ్మ పిన్ని మడతచాకు

సంత్రాగాఛిలో మా టార్పాలిన్ కొట్టు వెనక, పనివాళ్లు తుప్పు పట్టిన సామాన్లు నానబెట్టే డబ్బా ఒకటుంది. మొన్న దాని మూత తీసేసరికి కిరోసిన్ వాసన గుప్పున ముక్కుకి కొట్టింది. ఒక్క క్షణం నాకు ఒళ్లు మండింది. కిరోసిన్ మీద నాకేమీ కోపం లేదు. ఆ వాసన వస్తే చాలు, పోలమ్మ పిన్ని గుర్తుకొస్తుంది. పోలమ్మ పిన్ని గుర్తుకొస్తే ముందు విసుగు, ఆ తర్వాతే మిగిలినవన్నీ. ఆవిడ పోయి ఇన్నేళ్లయినా ఆ వరస మారలేదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. వాట్‌గంజ్‌లో, డాక్‌కి దగ్గర్లో, సరుకుల మీద కప్పే టార్పాలిన్లు బాగుచేసే షెడ్డు ఒకటుండేది. అందులో కుట్టేవాళ్లందరం శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ వలస వచ్చిన కుటుంబాల ఆడవాళ్లమే. పోలమ్మ పిన్ని మా అందరి మీదా పెద్ద. కొలతకి గుడ్డ కోసే పని ఆవిడ ఒక్కర్తిదే. కోత తప్పితే టార్పాలిన్ మొత్తం పాడవుతుంది కాబట్టి ఆ పనికి కూలీ ఎక్కువ, గౌరవమూ ఎక్కువ. మనిషి పొట్టి, గొంతు మాత్రం జెట్టీ దాకా వినబడేది. మా నాన్న డాక్‌లో నడుం దెబ్బతిని మంచమెక్కాక నేను ఆ షెడ్డులో చేరాను. అప్పటికి నాకు పెళ్లి కాలేదు, సూది పట్టడం తప్ప మరో పని రాదు.

మొదటి రోజే ఆవిడ బొడ్లో సంచిలోంచి ఓ మడతచాకు తీసి నా ఒళ్లోకి విసిరింది. ఇత్తడి రేకుల మీద నల్లచెక్క పిడి, గోరు పట్టడానికి బ్లేడు మీద చిన్న గాడి. తాళ్లు, దారాలు కొయ్యడానికి అందరికీ అదొక్కటే. గాడిలో గోరు పెట్టి లాగాను. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే గోరు విరిగి చివర నెత్తురు చిమ్మింది గానీ బ్లేడు కదల్లేదు.

"ఏటే గుంటా, సాకు తియ్యడం కూడా నేర్పాలేటి నీకు?" అంది పిన్ని. తనే తీసుకుని, కొంగుతో పట్టి, పళ్లు బిగించి, మొహం ఎర్రబడేదాకా లాగి తెరిచింది. "సూసినావా? అలగ!" అంది రొప్పుతూ.

అది ఒక రోజుతో పోయిన బాధ కాదు. తాడు తెగ్గొయ్యాల్సి వచ్చినప్పుడల్లా ఆ చాకు చేతులు మారేది. ఒకరు లాగేవారు, ఇంకొకరు పిడి పట్టుకునేవారు, మూడో మనిషి సలహా చెప్పేది. చివరికి పిన్ని వచ్చి అందర్నీ తిట్టి తెరిచేది. ఒకామె కొబ్బరినూనె పొయ్యమంది. పోశాం. రెండు రోజులు మెత్తగా తెరుచుకుంది. తర్వాత ఆ నూనెకి షెడ్డులో దుమ్ము, టార్పాలిన్‌కి పూసే మైనం అంటుకుని జిగురై, అంతకుముందు కన్నా మొండికేసింది. నూనె పొయ్యమన్న మనిషికి వారం రోజులు తిట్లు. వీధిలో సాన పట్టే దాదా వచ్చినప్పుడు నేను చాకు చూపిస్తే, అటూ ఇటూ తిప్పి, "దిదీ, పదును బాగానే ఉంది. పట్టేసింది పిడి దగ్గర. ఇచ్చి వెళ్లు, చూస్తాను" అన్నాడు బెంగాలీలో. పిన్ని పరుగున వచ్చి లాక్కుంది. తన వస్తువు పరాయి చేతిలో పెట్టడం ఆవిడకి సరిపడదు.

"పోనీ కొత్తది కొనుక్కోరాదా పిన్నీ?" అన్నాను.

"నీ కాలు పట్టేస్తే కొత్త కాలు కొంటావేటి?"

నేను విరిగిన గోరు కొరుక్కున్నాను.

ఆ వానాకాలంలో తడిసిన టార్పాలిన్లు కట్టలు కట్టలుగా వచ్చి పడ్డాయి. వాటిని ఆరబెట్టాలంటే కప్పీ మీంచి తాడుతో పైదూలానికి లాగాలి. ఆ తాడు స్తంభానికి కింద బిగించిన ఇనప రింగులోంచి వస్తుంది. తాడు చేతికి చుట్టుకోవద్దని మాకు రోజూ చెప్పే మనిషి పిన్నే. ఆరోజు కరెంటు పోయి షెడ్డంతా మసకగా ఉంది. కట్ట సగం పైకి లేచింది. పిన్ని, పట్టు జారుతోందని, తాడుని తన కుడి మణికట్టుకే రెండు చుట్లు చుట్టుకుంది. వెనక పట్టుకున్న ఇద్దరికి కాళ్లు జారాయి. బరువంతా ఒక్కసారి కిందికి గుంజింది. పిన్ని చెయ్యి తాడుతోపాటు వెళ్లి రింగుకి కొట్టుకుని అక్కడే ఇరుక్కుపోయింది. కట్ట గాల్లో వేలాడుతోంది, ఎవరికీ అందదు. చుట్లు బిగుసుకుపోతున్నాయి. పిన్ని అరవలేదు. నాకు భయం వేసింది అందుకే.

కత్తెరలు పక్కగదిలో ఉన్నాయి. షెడ్డు యజమాని మాలిక్‌బాబు భోజనానికి వెళ్తూ ఆ గదికి తాళం వేసుకుని వెళ్లేవాడు. నేను పిన్ని బొడ్లో సంచిలోంచి చాకు లాగాను. గోరు పెట్టాను, జారింది. కొంగుతో పట్టాను, జారింది. "ఓలమ్మో, ఏలు నల్లగయిపోతన్నాయే!" అని పక్కన ఎవరో ఏడుస్తున్నారు. ఆ చాకుని, దాన్ని చేసినవాణ్ని, బాగుచెయ్యనివ్వని ఈ ముసలిదాన్ని, అందర్నీ మనసులో తిట్టుకుంటూ బ్లేడు వీపు పళ్లతో కరిచి పట్టి, రెండు చేతులతో పిడిని అవతలికి లాగాను. ముందుపన్ను చివర విరిగింది. బ్లేడు తెరుచుకుంది. "తప్పుకోండి!" అని అరిచి తాడు కోశాను. కట్ట ధబ్బున పడింది.

పిన్ని నేలమీద కూలబడి, వాచిపోయిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ముందు తాడు వైపు చూసింది.

"కొత్త తాడే అది! నిన్నగాక మొన్న తెచ్చినారు. నడిమికి కోసేసినావేటే!"

నా నోట్లో నెత్తురుంది. ఆ క్షణంలో ఆవిణ్ని మళ్లీ కట్టేద్దామనిపించింది.

నెల దాటాక, చేతికి కట్టుతోనే షెడ్డుకి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా నా పక్కన కూర్చుని, చాకు నా ముందు పెట్టి, "దీని సంగతేటో నువ్వే సూడు" అంది. ఆ మధ్యాహ్నం కిరోసిన్‌లో నానేశాను. పలచటి వెదురుపుల్లతో సందులోంచి మురికి తీస్తుంటే దారప్పోగులు, మైనం, పాత నూనె జిగురు నల్లటి ముద్దలుగా వచ్చాయి. తుడిచి, మిషన్ నూనె చుక్క వేశాను. కొంచెం వదులైంది, అంతే. పిన్ని పక్కన కూర్చుని ప్రతిదానికీ వంక పెడుతూనే ఉంది. పుల్ల లావైపోయిందట, నూనె ఎక్కువైందట.

అప్పుడు చాకుని వెలుతురుకి ఎత్తి చూశాను. బ్లేడు తిరిగే మేకు దగ్గర, పిడికి ఒకవైపు ఇత్తడి రేకు లోపలికి నొక్కుకుపోయి బ్లేడుని పట్టేసింది. పైన చెక్కంతా చిన్నచిన్న గుంటలు. దేనితోనో పదేపదే కొట్టినట్టున్నాయి. రంపం బ్లేడు ముక్కొకటి సందులోకి దూర్చి, మెల్లగా తట్టి, రేకుని ఇవతలికి తెచ్చాను. బ్లేడు తేలిగ్గా తెరుచుకుంది. మూసి, మళ్లీ తెరిచాను. షెడ్డులో అందరూ వచ్చి తలోసారి తెరిచి చూశారు, పండగ సరదాలా.

"ఎవులు కొట్టినారో దీన్ని, సేతులిరిగిపోను!" అంది పిన్ని. అంటూనే చాకు మూసి, ఎడంచేత్తో పట్టుకుని, పక్కనున్న టార్పాలిన్ దగ్గరికి లాక్కుని, అంచులో తాడు దూర్చడానికి బిగిస్తుండగా సగమే దిగిన ఇత్తడి రింగుని చాకు పిడితో టక్ టక్‌మని కొట్టడం మొదలుపెట్టింది.

"పిన్నీ!" అని నేను పెట్టిన కేకకి వీధిలో మనుషులు ఆగారు.

పిన్ని చెయ్యి గాల్లో ఆగింది. చాకు వైపు చూసింది. రింగు వైపు చూసింది. సుత్తి ఎక్కడుందో వెతుక్కోవడానికి బద్ధకించి ఎన్నేళ్ల నుంచి ఆ పని చేస్తోందో! మేమూ రోజూ చూస్తున్నాం, ఒక్కరికీ తట్టలేదు. ఆవిడ బుకాయిస్తుందనుకున్నాను. నా మీదకో, కొబ్బరినూనె మనిషి మీదకో నెట్టేస్తుందనుకున్నాను. ఆవిడ లేచి నిలబడి, గొంతు ఏమాత్రం తగ్గించకుండా, "తప్పు నాదే. ఇన్నాళ్లూ మిమ్మల్నందర్నీ ఉత్తినే తిట్టినాను. తాడు సేతికి సుట్టుకున్నదీ నానే" అంది. అంతకుముందు ఏ పెద్దవాళ్లూ చిన్నవాళ్ల ముందు అలా అనగా నేను వినలేదు. మా నాన్న నోట వినలేదు, మాలిక్ నోట వినలేదు. కూర్చున్నాక మాత్రం నా వైపు తిరిగి, "అయినా కళ్లున్నదానివి, ముందే సూడొద్దా?" అంది. పిన్ని పిన్నే.

కట్టు విప్పాక చూస్తే కుడిచేతి రెండు వేళ్లకి పట్టు లేదు. కత్తెర నిలవదు. మాలిక్‌బాబు ఆవిణ్ని ఇంటికి పొమ్మని, కోతపని నన్ను చెయ్యమన్నాడు. యూనియన్ దాదా ఒకాయన వచ్చి, మా టీ తాగి, "చూద్దాం, దేఖ్‌ఛీ" అని వెళ్లి మళ్లీ కనబడలేదు. చివరికి నేనే మాలిక్ దగ్గరికి వెళ్లాను. "పిన్ని కొలిచి గీత గీస్తేనే నేను కోస్తాను. లేకపోతే ఈ ఎత్తున కుప్పపడ్డ గుడ్డ మీరే కోసుకోండి" అన్నాను. ఓడల సరుకు ఆగిపోయి ఉంది కాబట్టి ఒప్పుకున్నాడు, దయతో కాదు.

ఆ తర్వాత కొన్నేళ్లు ఎడంచేత్తో సుద్ద పట్టుకుని ఆవిడ గీసేది, నేను కోసేదాన్ని. గీత మీద వెంట్రుకవాసి పక్కకి జరిగితే ఆకాశం దద్దరిల్లేది. తన గీతే వంకరైతే మాత్రం అరచేత్తో చెరిపేసి, "నాదే" అని ఒక్క మాట అని మళ్లీ గీసేది. టార్పాలిన్ పని నాకు అలా వచ్చింది. పెళ్లై సంత్రాగాఛి వచ్చాక ఈ కొట్టు పెట్టుకోగలిగానంటే ఆ గీతల చలవే. పిన్ని వాట్‌గంజ్‌లోనే, ఓ ఎండాకాలం జ్వరంతో పోయింది. చివరిసారి నేను వెళ్లి చూసేసరికి మాట పడిపోయి ఉంది. ఆవిడ నన్ను తిట్టకుండా ఉన్నది ఆ ఒక్కరోజే.

పోయిన వారం ఒక లారీ కవరు కొలత తప్పింది. కుట్టిన అమ్మాయిని అందరి ముందూ కడిగేశాను. సాయంత్రం చూసుకుంటే కొలత తప్పు చెప్పింది నేను. ఆ పిల్లని పక్కకి పిలిచి మెల్లగా చెప్పేసి ఊరుకోవచ్చు. ఊరుకోబుద్ధి కాలేదు. మర్నాడు అందరూ వచ్చేదాకా ఆగి, లేచి నిలబడి, గొంతు తగ్గించకుండా చెప్పాను. ఆ పిల్ల బిత్తరపోయి నన్ను చూస్తూ ఉండిపోయింది.