ఫ్యూజు పెట్టింది నేనే

కంపెనీలో మా ఎలక్ట్రీషియన్లకు ఒక పద్ధతి ఉంది. తోటివాడు లైను మీద పనిచేస్తుంటే ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటాం. అతను దిగి ఎదురుగా నిలబడేదాకా అది బయటికి తీయం. అన్నేళ్ల ఉద్యోగంలో నేను ఆ పద్ధతి తప్పలేదు. తప్పింది చర్చిలో.

ఎనభైల మొదట్లో, మేం పనికి వలసొచ్చిన ఉక్కు కంపెనీ ఊళ్లో, బారిడీహ్‌లోని మా తెలుగు చర్చి మీద ప్రతి డిసెంబరులోనూ నక్షత్రం కట్టేవాళ్లం. వెదురు చట్రం, రంగు కాగితం, లోపల ఐదు బల్బులు. వైరింగు నాది. పైకెక్కి కట్టేది మా వీధిలో ఉండే ఒక కాంట్రాక్టు కూలీ. నన్ను బావా అని పిలిచేవాడు.

ఒక ఏడు, అతను పైన నక్షత్రం కడుతున్న సాయంత్రం, సంఘ పెద్దలు మా సొంతూరి నుంచి వచ్చిన పాస్టరుగారిని వెంటబెట్టుకొచ్చారు.

"ఏటి, ఇంకా ఎలగనేదేటి మన నక్షత్రం?" అన్నాడొక పెద్ద.

నాకు తల కొట్టేసినట్టయింది. "అయిపోనాదేట్రా?" అని పైకి కేకేశాను.

"ఒక్క బల్బుంది బావా! తొందరైతే నువ్వెక్కు, నీ బొజ్జకి నిచ్చెన ఆగితే!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఫ్యూజు బోర్డున్న వెనక గదిలోకి వెళ్లి నిలబడ్డాను. కాసేపటికి నిచ్చెన కిర్రుమంది. దిగుతున్నాడనుకున్నాను. బయటికి వచ్చి చూడకుండానే జేబులోని ఫ్యూజు తీసి పెట్టేశాను.

నక్షత్రం వెలిగింది. బయట చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే అతను పడ్డాడు.

కరెంటుకి కాలి కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. పెద్దలు పిలిచి అడిగితే, "దిగానని వాడే కేకేశాడు. కాస్త తాగినట్టున్నాడు" అన్నాను. అతన్ని అడిగితే తల వంచుకుని ఊరుకున్నాడట. అదే ఒప్పుకోవడం అనుకున్నారు. రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకూడదని ప్రభువు బల్ల నుంచి ఆపేశారు.

అతని భార్య మా ఇంటికొచ్చింది. "అన్నయ్యా, బాప్తీస్మం తీసుకున్నకాడ్నుంచి ఆయన సుక్క ముట్టనేదు. నీకు తెల్దేటి? ఆళ్లకో మాట సెప్పవా?"

"చూద్దాం చెల్లెమ్మా" అన్నాను.

క్రిస్మస్ ఉదయం, నక్షత్రాన్ని చూసి బయల్దేరిన జ్ఞానుల కథ చదివింది నేనే. నక్షత్రం వాళ్లను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లలేదు, కనబడింది అంతే, నడవాల్సింది వాళ్లేనని సండే స్కూలు పిల్లలకు ఏటేటా చెప్పేవాణ్ని. ఆ రోజు రొట్టె పళ్లెంతో వరుసలు తిరిగే వంతు కూడా నాదే. అతను ఆఖరి బెంచీలో కూర్చున్నాడు, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని. అతని ముందు ఆగాను. చెప్పాలంటే అదే సమయం. అందరూ అక్కడే ఉన్నారు.

అతను నావైపు చూశాడు. నా నోటి నుంచి మాట వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. నాకది తెలుసు.

"ఎల్లు బావా," అన్నాడు చివరికి, మెల్లగా. "నీ ఎనకాల జనం తిరిగి సూత్తన్నారు."

నేను పళ్లెం పట్టుకుని ముందుకు వెళ్లిపోయాను.